ఎర్ర మస్టాంగ్‌కి ఎంత మార్పు చాలు? ఒక కేస్ స్టడీ

స్పోర్ట్స్ కారు బయటి రూపాన్ని ఎంతవరకు మార్చాలి అన్న ప్రశ్న మా షాపులోకి దాదాపు రోజూ వస్తుంది. అది పూర్తిగా అభిరుచికి సంబంధించిన సంగతి అని చాలామంది అనుకుంటారు. సగం వరకు నిజమే. మిగతా సగంలో చట్టం ఉంది, పెయింటు పరిస్థితి ఉంది, టైరు కొలత ఉంది, యజమాని ఇంటి సెల్లార్ ర్యాంపు ఉంది. ఈ రెండో సగం ముందు తేలిపోతే అభిరుచి మీద వాదించుకోవాల్సినవి ఒకటో రెండో మిగులుతాయి. ఈమధ్య చేతిలోంచి వెళ్ళిన ఒక కారు విషయంలో ఇది చాలా స్పష్టంగా కనబడింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళకీ, ఇలాంటి కారు కొని ఫోన్ నిండా ఫోటోలు దాచుకున్నవాళ్ళకీ పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

కారు ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, 2017 మోడల్, ఎర్ర రంగు. ఇది ఆరో తరం మస్టాంగ్. ఫ్యాక్టరీలోనే కుడి చేతి స్టీరింగ్‌తో తయారైన మొదటి తరం కూడా ఇదే. మన దేశంలో 2016లో అమ్మకానికి వచ్చింది. బానెట్ కింద 5.0 లీటర్ల వీ8 ఇంజిను. యజమాని హైదరాబాద్ మణికొండలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ముప్పై దాటిన మనిషి. కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళడు కానీ వారాంతం వచ్చిందంటే ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ఎక్కాల్సిందే.

ఆయన అడిగినవి ఇవి: కారంతా మ్యాట్ బ్లాక్ ర్యాప్ (పెయింటు మీద అంటించే వినైల్ పొర), మడ్‌గార్డులు కోసి బిగించే వైడ్‌బాడీ కిట్, డిక్కీ మీద పెద్ద వింగ్ (గాలితో కారుని కిందికి నొక్కే రెక్క), 20 అంగుళాల నల్ల అల్లాయ్‌లు, కారుని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు, ముందు బంపర్ కింద లోతైన స్ప్లిటర్ (ముందుకి పొడుచుకొచ్చే పలక), వెనక లైట్ల మీద స్మోక్ ఫిల్మ్, లేదంటే అమెరికా మోడల్లో లాగా ఎర్రగా వరసగా వెలిగే ఇండికేటర్లు, అద్దాలకి నల్ల ఫిల్మ్, ఫ్యాన్సీ నంబర్ ప్లేటు. ఒక్కోదానికీ ఫోన్లో ఒక ఫోటో ఉంది. "ఇవన్నీ కలిపి మన కారుకి చెయ్యాలన్నా, ఎంతవుతుంది?" అన్నాడు.

ధర చెప్పలేదు. ఆ ఫోటోల్లో ఒక్కో కారునీ ఒక్కో మనిషి ఒక్కో ఉద్దేశంతో తయారుచేశాడు. ఒకటి ట్రాక్ కోసం, ఒకటి షోలో నిలబెట్టడం కోసం, ఒకటి ఎప్పుడూ వాన చూడని ఊళ్ళో తిరగడం కోసం. వాటన్నిటినీ తెచ్చి ఒక బండి మీద పెడితే ఏ ఉద్దేశమూ మిగలదు. అందుకని వేరే ప్రశ్న అడిగాను.

"ఈ కారు కొనకముందు దాన్ని చూసి మొదట ఏం నచ్చింది సర్ మీకు?"

ఆలోచించాల్సిన అవసరమే రాలేదు ఆయనకి. "వెనక నుంచి అన్నా. ఆ మూడు గీతల లైట్లు. ఇంకా వెనక చక్రం పైన ఆ ఉబ్బు ఉంటది చూడండి, అది."

ఆ రెండు ముక్కలూ జాబ్ కార్డు మీద పైన రాసుకున్నాను. మస్టాంగ్ 1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో జనం ముందుకి వచ్చినప్పటి నుంచీ వెనక నిలువుగా మూడు భాగాలుగా కనబడే లైట్లు దాని గుర్తు. పొడవాటి బానెట్, వెనక్కి జరిగిన క్యాబిన్, పొట్టి డిక్కీ, వెనక చక్రం మీద భుజంలా లేచిన మడ్‌గార్డు, ఇవన్నీ ఆ కారు తరతరాలుగా మోసుకొస్తున్నవే. ఇప్పుడు ఆయన కోరికల జాబితా మళ్ళీ చదవండి. స్మోక్ ఫిల్మ్ ఆ మూడు లైట్లని కప్పేస్తుంది. వైడ్‌బాడీ కిట్ ఆ ఉబ్బునే కోసేస్తుంది. వింగ్ ఆ రెంటి మీదా నిలబడి చూపుని లాగేసుకుంటుంది. డబ్బు పోసి, తను ప్రేమించినవాటినే మాయం చేయించుకోబోతున్నాడు. ఆ మాట అప్పుడే ఆయనకి చెప్పలేదు. చెప్తే వినేవాడు కూడా కాదు. కారు నా దగ్గర వదిలి వెళ్ళమన్నాను.

పెయింటు చెప్పిన సంగతి

ర్యాప్ వేసినా, పాలిష్ పట్టినా, ముందు తెలుసుకోవాల్సింది కింద ఉన్న పెయింటు ఎవరిదన్నది. ఫ్యాక్టరీదా, బయట షాపుదా? సెకండ్ హ్యాండ్ కారు విషయంలో అమ్మినవాళ్ళ మాట మీద ఆధారపడలేం. పెయింటు మందం కొలిచే థిక్‌నెస్ మీటరు పెట్టి చూడాల్సిందే.

మస్టాంగ్ దగ్గర ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఆరో తరం కారు బానెట్, ముందు మడ్‌గార్డులు అల్యూమినియం. తలుపులు, వెనక భాగం ఉక్కు. ఉక్కుని మాత్రమే చదివే చవక మీటరు బానెట్ మీద పెడితే రీడింగే రాదు. రెండు లోహాలనీ చదివే ప్రోబ్ కావాలి. ఒక్కో ప్యానెల్ మీద నాలుగు మూలలూ, మధ్యలో ఒకటీ తీసి సుద్దతో పక్కనే రాసుకుంటూ పోయాం. బానెట్ మీద 115, 120, 118 మైక్రాన్లు. కుడి మడ్‌గార్డు అంతే. తలుపులు అంతే. ఫ్యాక్టరీ పెయింటు మామూలుగా 100 నుంచి 140 లోపు ఉంటుంది కాబట్టి అంతవరకు హాయి. ఎడమ వెనక ప్యానెల్ మీదికి వచ్చేసరికి 270, 285, 290. పుట్టీ పెట్టి ఉంటే వేయి దాటేది, అంత లేదు. అంటే పెద్ద గుద్దుడు కాదు, ఎక్కడో గీసుకుంటే ఆ ఒక్క ప్యానెల్‌కి రంగు కొట్టించారు. తలుపు సందులో రబ్బరు బీడింగ్ ఎత్తి చూస్తే ఎర్ర రంగు అంచు సన్నగా మెట్టులా తగిలింది. మాస్కింగ్ టేపు అంటించి కొట్టిన రంగుకి వచ్చే అంచు అది.

దీని వల్ల ర్యాప్ నిర్ణయం సగం అక్కడే తేలిపోయింది. ఫ్యాక్టరీ పెయింటు కాల్చి గట్టిపడి ఉంటుంది కాబట్టి ర్యాప్ తీసేటప్పుడు వేడి చేసి నెమ్మదిగా లాగితే జిగురు వరకే వస్తుంది. బయట కొట్టిన రంగుకి ఆ హామీ లేదు. కింద ప్రైమర్ సరిగా పట్టకపోయి ఉంటే వినైల్‌తో పాటు క్లియర్ కోటు, రంగు కలిసి పొరలా ఊడి వస్తాయి. పైగా మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బయట నిలబెట్టిన నల్ల కారు బానెట్ మీద చెయ్యి ఆనించలేం. అంత వేడిలో ఏళ్ళ తరబడి ఉన్న వినైల్ పైకప్పు, బానెట్, డిక్కీ మీద ముందు పాడవుతుంది. ర్యాప్ కంపెనీలు కూడా పైకి చూసే భాగాలకి పక్క భాగాల కంటే తక్కువ కాలం వారంటీ ఇచ్చేది ఇందుకే. ఎండకి బిరుసెక్కిన వినైల్ ఒక్క షీటుగా రాదు, పెచ్చులు పెచ్చులుగా వస్తుంది. ఆ పని చేసినవాళ్ళకి తెలుసు ఎంత నరకమో.

మరి నలుపు వద్దంటే మిగిలింది ఎరుపు. ఆ ఎరుపు అప్పుడు ఎలా ఉందంటే, దుమ్ముగుడ్డతో తుడిచి తుడిచి, ఎండలో చూస్తే గుండ్రటి గీతల వలలా కనబడుతోంది. యజమాని విసుగెత్తింది ఆ రంగుతో కాదనీ, రంగు మీదున్న పాడుతనంతోననీ నాకు అనుమానం. పరీక్షగా బానెట్ మీద రెండడుగుల చతురస్రం టేపుతో కట్టి, ఆ లోపల మాత్రం కాంపౌండ్, పాలిష్ పట్టి వదిలేశాను. చుట్టూ ఉన్నది అలాగే ఉంచాను. ఆయన సాయంత్రం వచ్చి చూశాడు. టేపు లోపల తడి రక్తం రంగు, బయట వెలిసిన ఇటుక రంగు. చాలాసేపు చూసి, "ఇది కూడా ఇదే కారా?" అన్నాడు. ర్యాప్ సంగతి ఆ రోజు తర్వాత ఎత్తలేదు.

చట్టం దగ్గర బేరం లేదు

ఈ భాగం యజమానులకి నచ్చదు కానీ దాటవేయడం పాపం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్పేది సూటిగా ఇది: ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి తేడాగా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పులకి 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. "ఒక్కో మార్పుకీ" అన్న మాట దగ్గర ఆయన కాస్త ఆగి, తన జాబితా వైపు చూసుకున్నాడు.

రంగు ఆర్‌సీలో ఉంటుంది. ఎర్ర కారు నల్లగా తిరగాలంటే ఆర్‌టీఓ దగ్గర అనుమతి తీసుకుని నమోదు చేయించాలి, ఇన్సూరెన్సు వాళ్ళకీ చెప్పాలి. వెనక ఇండికేటర్ల సంగతి వేరే. అమెరికా మస్టాంగుల్లో అవి ఎర్రగా వరసగా వెలుగుతాయి, అక్కడ అది చెల్లుతుంది. మన నిబంధనల్లో ఇండికేటర్ ఆంబర్ రంగులోనే వెలగాలి, మన దేశానికి వచ్చిన కార్లకి అలాగే ఇచ్చారు. అది తీసి అమెరికా లైట్లు పెడితే, బ్రేకు వేశాడో తిరుగుతున్నాడో వెనక వచ్చే స్కూటరు మనిషికి ఒక క్షణం తెలియదు. ఆ ఒక్క క్షణమే చాలు. స్మోక్ ఫిల్మ్ కూడా అంతే. పట్టపగలు ఎండలో బ్రేక్ లైటు వెలిగిందో లేదో తెలియకుండా చేసే పని ఎంత అందంగా ఉన్నా నేను చెయ్యను.

అద్దాలకి ముందు వెనక కనీసం 70 శాతం, పక్కవాటికి 50 శాతం వెలుతురు దాటాలి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ముల మీద ఇచ్చిన తీర్పు తర్వాత హైదరాబాద్‌లో చెక్‌పోస్టు దగ్గర ఫిల్ములు పీకించడం అందరం చూశాం. నంబర్ ప్లేటు హై సెక్యూరిటీదే ఉండాలి. స్మోక్ ఫిల్మ్, అమెరికా ఇండికేటర్లు, అద్దాల ఫిల్మ్, ఫ్యాన్సీ ప్లేటు, ఈ నాలుగూ జాబితాలోంచి కొట్టేశాం, చర్చ లేకుండా.

ఇన్సూరెన్సు గురించి ఇంకో మాట. కారుకి చేర్చినవి పాలసీలో రాయించకపోతే గుద్దుకున్న రోజు సర్వేయరు వాటిని లెక్కలోకి తీసుకోడు. రాయించినా, మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకి 50 శాతం, ఫైబర్ గ్లాసు భాగాలకి 30 శాతం తరుగు కోసేస్తారు. కిట్ ధర చెప్పే షాపు ఈ లెక్క కూడా చెప్పాలి.

కాగితం మీద కారు

ఇప్పుడు అసలు అభిరుచి చర్చ. దీనికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చాలా మామూలుది. కారుని చదునైన చోట నిలబెట్టి, దూరంగా వెళ్ళి, కెమెరా చక్రం మధ్య ఎత్తులో పెట్టి జూమ్ చేసి పక్క నుంచి ఒకటి, సరిగ్గా వెనక నుంచి ఒకటి ఫోటో తీస్తాం. దగ్గర నుంచి ఫోన్‌తో తీస్తే బానెట్ సాగి, కొలతలు అబద్ధం చెప్తాయి. ఆ ఫోటోలు ఏ3 కాగితం మీద ప్రింటు తీసి, పైన ట్రేసింగ్ పేపరు పరిచి, ఒక్కో మార్పునీ వేరే వేరే షీటు మీద గీస్తాం. వింగ్ ఒక షీటు, పెద్ద చక్రాలు ఒకటి, స్ప్లిటర్ ఒకటి. కావాల్సిన షీటు వేసుకోవచ్చు, తీసెయ్యవచ్చు. కంప్యూటర్లో మెరిసే బొమ్మ చూపిస్తే ఏదైనా బావుంటుంది. పెన్సిలు గీతకి ఆ మాయ లేదు.

ఆయనే కూర్చుని షీట్లు మార్చుకుంటూ చూశాడు. వింగ్ షీటు వేసినప్పుడు జరిగింది చెప్తాను. మస్టాంగ్ పైకప్పు గీత ముందు అద్దం మీది నుంచి మొదలై ఎక్కడా తెగకుండా డిక్కీ అంచు దాకా జారుతుంది. ఆ కారుకి ఉన్న కదలికంతా ఆ ఒక్క గీతలో ఉంది. వింగ్ గీయగానే ఆ జారుడికి చివర ఒక అడ్డుగోడ లేచింది. "పెళ్ళికూతురి జడకి తాళం కప్ప కట్టినట్టుంది" అన్నారు ఆయన వెంట వచ్చిన వాళ్ళ నాన్నగారు. అంతవరకు ఒక్క మాట మాట్లాడని పెద్దమనిషి.

అందం పక్కన పెట్టి పని సంగతి చూసినా వింగ్ నిలవలేదు. గాలి నొక్కుడు వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది, సగమైతే నాలుగో వంతుకి పడిపోతుంది. గంటకి 240 దగ్గర వంద కిలోలు నొక్కే వింగ్ 120 దగ్గర పాతిక కిలోలే నొక్కుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితి 120. దానికి తోడు, వింగ్ వెనక ఇరుసుకి అవతల నొక్కుతుంది కాబట్టి ముందు చక్రాల మీది బరువు కొంచెం తేలుతుంది. దాన్ని సరిచెయ్యాలంటే ముందు స్ప్లిటర్ కావాలి, రెండూ జతగా కొలిచి పెట్టాలి. ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ సర్క్యూట్‌కో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తీసుకెళ్ళే ఉద్దేశం ఉంటే ఆ లెక్క వేరే, అప్పుడు నేనే దగ్గరుండి చేయిస్తాను. ట్రాక్ ఆలోచన ఉందా అని అడిగాను. లేదన్నాడు. పెద్ద వింగ్ అంటే డిక్కీ మూతకి బోల్టు రంధ్రాలు కూడా పడతాయి, అవి మళ్ళీ పూడవు.

వైడ్‌బాడీ మీద ఆయన గట్టిగా పట్టుబట్టాడు. దాని గురించి నాకూ గట్టి అభిప్రాయం ఉంది కాబట్టి వివరంగా చెప్పాను. ముందు మడ్‌గార్డు బోల్టులతో ఊడి వస్తుంది. కోసినా, వెల పెట్టి ఇంకోటి తెచ్చుకోవచ్చు. వెనకది అలా కాదు. అది బాడీకి వెల్డింగ్ అయి ఉన్న ప్యానెల్. బయటి రేకు, లోపలి రేకు చక్రం అంచు దగ్గర కలిసి మడిచి ఉంటాయి. వెడల్పు చక్రానికి చోటు కోసం ఆ మడత కోస్తే రెండు రేకులూ విడిపోతాయి. వాటిని మళ్ళీ కలిపి వెల్డ్ చేసి, సీలర్ పట్టించి, లోపల మైనం కొట్టకపోతే మొదటి వానాకాలంలోనే తుప్పు మొదలవుతుంది. చాలా చోట్ల కోసి, పైన ఫైబర్ ఆర్చి రివెట్లతో బిగించి, కనబడదు కదా అని వదిలేస్తారు. పైగా ఈ కారుకి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మస్టాంగ్ అప్పటికీ దిగుమతి బండే. ఇప్పుడు దానికి ఒక ఒరిజినల్ ప్యానెల్ కావాలంటే విడిభాగాల బజారు రాణిగంజ్‌కి వెళ్ళి తెచ్చుకునేది కాదు. అటువంటి కారు మీద వెనక్కి తిరగలేని కోత పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

ఆయన మౌనంగా విని, "మరి ఆ వెడల్పు ఎట్లా వస్తదన్నా? నాకు వెనక నుంచి చూస్తే నిండుగా కనబడాలి" అన్నాడు. అసలు కోరిక అప్పటికి బయటికొచ్చింది. ఆయనకి కావాల్సింది కిట్ కాదు, నిండుతనం. ఫ్యాక్టరీ చక్రాలు మడ్‌గార్డు అంచు కంటే కాస్త లోపలికి ఉండడం వల్ల పైన అంత భుజం ఉన్నా కింద కాళ్ళు సన్నగా కనబడతాయి. దానికి మందు చక్రాల దగ్గరే ఉంది.

చక్రాలు, అట్టముక్క

20 అంగుళాల చక్రం వద్దని చెప్పడానికి కారణం ఉంది. ముందు టైరు 255/40 ఆర్19. దాని మొత్తం వ్యాసం సుమారు 687 మిల్లీమీటర్లు. 20 అంగుళాలకి వెళ్తే అదే వ్యాసం రావాలంటే 255/35 ఆర్20 వెయ్యాలి. స్పీడోమీటరు తేడా రాదు, అంతవరకు బాగానే ఉంది. కానీ టైరు పక్క గోడ 102 మిల్లీమీటర్ల నుంచి 89కి తగ్గుతుంది. ఆ 13 మిల్లీమీటర్ల రబ్బరే మన గుంతలకీ అల్లాయ్‌కీ మధ్య అడ్డం. వానాకాలంలో నీళ్ళు నిండిన గుంతలో ఇలా పక్క గోడ తక్కువున్న 35 ప్రొఫైల్ టైరు పడితే రిమ్ వంగడం, టైరు పక్కన ఉబ్బు రావడం మాకు ప్రతి ఏడాదీ కనబడే సంగతే.

అందుకని 19లోనే ఉండి, వెడల్పు ఆఫ్‌సెట్‌తో (చక్రం హబ్ మీద ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందన్న కొలత) తెచ్చాం. మస్టాంగ్ బోల్టు వరస 5×114.3, మధ్య రంధ్రం 70.5 మిల్లీమీటర్లు. మధ్య రంధ్రం సరిగ్గా హబ్ మీద కూర్చోవాలి, లేకపోతే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. పాత చక్రం ముఖం మడ్‌గార్డు అంచుకి ఎంత లోపల ఉందో దారానికి బరువు కట్టి వేలాడదీసి నాలుగు వైపులా కొలిచాం. వెనక చక్రాలు బయటికి రాగలిగినంత తెచ్చి, టైరు మాత్రం అంచు దాటకుండా ఆపాం. ముందు చక్రాలు స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డు లోపలి లైనర్‌కి రాసుకోకూడదు కాబట్టి అక్కడ తక్కువే జరిపాం. చక్రానికీ హబ్‌కీ మధ్య పెట్టే స్పేసర్లు వాడలేదు, ఆఫ్‌సెట్ చక్రంలోనే ఉండేది తీసుకున్నాం. రంగు విషయంలో ఆయన నలుపు అన్నాడు, నేను ముదురు బూడిద అన్నాను. నల్ల చక్రం నల్ల టైరులో కలిసిపోయి దూరం నుంచి చువ్వలే కనబడవు, చక్రం చోట చీకటి గుండ్రం ఉంటుంది. ట్రేసింగ్ షీటు మీద రెండూ వేసుకుని చూసి బూడిదకి ఒప్పుకున్నాడు.

లోయరింగ్ స్ప్రింగుల గురించి షాపులో మాట్లాడకుండా వాళ్ళ అపార్ట్‌మెంట్‌కే వెళ్ళాం. మన సెల్లార్ ర్యాంపులు ఎనిమిది అడుగులకి ఒక అడుగు వాలుతో కడతారు, అంటే సుమారు 7 డిగ్రీలు. ఈ కారు బంపర్ కింది అంచు నేలకి 12 సెంటీమీటర్ల ఎత్తులో, టైరు నేలకి ఆనే చోటికి 75 సెంటీమీటర్లు ముందుకి ఉంది. లెక్క వేస్తే 9 డిగ్రీల పైచిలుకు వాలు వరకు తగలదు. స్ప్రింగులు కారుని దించేది, స్ప్లిటర్ కిందికి దిగేది కలిపి 5 సెంటీమీటర్లు పోతే మిగిలేది 5 డిగ్రీలు. ర్యాంపుకి అది చాలదు. నోటి లెక్క చెప్తే నమ్మరు కాబట్టి అట్టముక్క ఒకటి 5 సెంటీమీటర్లు కిందికి వేలాడేలా కోసి బంపర్ కింద టేపుతో అంటించాం. కారు ర్యాంపు మొదట్లోకి రాగానే కరకరమని మడతపడి చిరిగిపోయింది. వాచ్‌మన్ వచ్చి, "ఏం విరిగింది సార్?" అని కంగారుగా అడిగాడు. అదే కార్బన్ ఫైబర్ స్ప్లిటర్ అయితే నిజంగానే విరిగేది.

తర్వాత అట్ట తగ్గించుకుంటూ వచ్చాం. ఒకటిన్నర సెంటీమీటరు దగ్గర తగలకుండా ఎక్కింది. కాలనీలోని స్పీడ్ బ్రేకర్ల మీద కూడా అదే అట్టతో తిప్పాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే 3.7 మీటర్ల వెడల్పున మెల్లగా లేవాలి. అలా కట్టినవి ఉంటే ఏ స్పోర్ట్స్ కారుకీ బాధ లేదు. వీధి వాళ్ళు సిమెంటు పోసి కట్టుకున్న నిటారు గట్ల మీద మాత్రం కారుని ఏటవాలుగా ఎక్కించాల్సిందే. దీంతో స్ప్రింగుల మాట అక్కడితో ముగిసింది. స్ప్లిటర్ బదులు బంపర్ కింద చిన్న అంచు, లిప్ అంటాం, అది మాత్రం పెట్టుకుందాం అన్నాను: ఒకటిన్నర సెంటీమీటరుది, వంగే పాలీయురిథేన్‌ది, బంపర్ ముఖానికి కాకుండా కింది ట్రేకి స్క్రూలతో బిగించేది. గీసుకుంటే అదొక్కటే మార్చుకోవచ్చు, బంపర్‌కి ఒక్క రంధ్రం పడదు.

చివరికి చేసింది

మొదట పెయింటు కరెక్షన్. ఎడమ వెనక ప్యానెల్ మీద మెత్తటి ప్యాడ్‌తో, తక్కువ వేడితో చేశాం. బానెట్, ముందు మడ్‌గార్డులు, బంపర్, సైడ్ మిర్రర్ల వెనక డిప్పలకి పారదర్శకమైన పీపీఎఫ్ (పెయింటుని కాపాడే ఫిల్మ్) వేశాం. రాళ్ళు తగిలేది అక్కడే. మొత్తం కారుకి వెయ్యమని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత చక్రాలు. ఇక్కడ పని ఆపేసి కారు ఇచ్చి పంపించాను. ఒక నెల తిరిగి రమ్మన్నాను.

ఈ విరామం గురించి తోటి పనివాళ్ళతో నేను ఎప్పుడూ వాదిస్తుంటాను. అన్నీ ఒకేసారి బిగిస్తే బిల్లు పెద్దదవుతుంది, నిజమే. కానీ కారు రూపంలో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేవి శుభ్రమైన పెయింటు, సరిగ్గా కూర్చున్న చక్రాలు. వాటితో ఎంత మారిందో కళ్ళు అలవాటు పడకముందే మిగతావి తగిలిస్తే, ఏది అవసరమో ఏది కాదో యజమానికి జన్మలో తెలియదు.

నెల తర్వాత ఆయన వచ్చినప్పుడు పాత జాబితా ముందు పెట్టాను. వింగ్ తనే కొట్టేశాడు. తలుపుల వెనక పక్కనుండే చిన్న కిటికీ అద్దాల మీద పెట్టే లూవర్లు (పట్టీల మూతలు) కొత్తగా అడిగాడు. వాటికి చరిత్ర ఉంది. 1965 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్ మోడల్లో ఆ చోట నిజంగా గాలి పోయే పట్టీలే ఉండేవి. కారు గుణానికి తగిన కోరికే కాబట్టి సంతోషంగా ఒక జత టేపుతో అంటించి నడిపి చూడమన్నాను. ఎడమ పక్క లూవరు వల్ల భుజం మీది నుంచి వెనక్కి చూస్తే బైకులు కనబడలేదు. మన ట్రాఫిక్‌లో ఎడమ నుంచి దూరే బైకు కనబడకపోవడం చిన్న విషయం కాదు. ఆయనే తీసెయ్యమన్నాడు.

లిప్ బిగించాం. తలుపుల కింద నడుం పట్టీలా ఒక సన్నటి మ్యాట్ నల్ల స్ట్రైప్ వేశాం. ముందు మాస్కింగ్ టేపుతో మూడు వెడల్పులు అంటించి, రోడ్డు అవతలి నుంచి చూసి, అన్నిటికంటే సన్నదాన్ని ఎంచుకున్నాం. అది ఎడమ వెనక ప్యానెల్ మీదికి పోకుండా తలుపు అంచు దగ్గరే ఆపాం, ఆ రంగు మీద నాకు నమ్మకం లేదు కాబట్టి. కుడి పక్క కూడా అదే చోట ఆపాం.

ఒక్క విషయంలో మా ఇద్దరికీ కుదరలేదు. గ్రిల్‌లో పరుగెత్తే గుర్రం బొమ్మని నల్లగా చెయ్యమన్నాడు. ఎర్ర ముఖం మీద ఆ మెరుపు గుర్రం ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం, ఇప్పటికీ అదే. కానీ అది కారుకి హాని చేసేది కాదు, చట్టానికి అడ్డం కాదు, ఆయన ప్రేమించిన మూడు లైట్లనీ భుజాన్నీ ముట్టుకోదు. అటువంటి చోట యజమాని మాటే చెల్లాలి. రంగు కొట్టకుండా, ఊడదీయగలిగే నల్ల వినైల్ కోసి చుట్టాం.

కారుతో పాటు ఒక ఫైలు ఇచ్చాం. అందులో ప్యానెల్ వారీ మీటరు రీడింగులు, పని మొదలుపెట్టక ముందు తీసిన ఫోటోలు, చక్రాల ఆఫ్‌సెట్, లోడ్ రేటింగ్ వివరాలు, లిప్ బిగించిన స్క్రూల కొలత, చేర్చిన ప్రతి వస్తువు బిల్లు ఉన్నాయి. ఆ బిల్లుల నకళ్ళతో ఆయన ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేశాడు. పాత చక్రాలు నాలుగూ శుభ్రం చేసి గుడ్డ సంచుల్లో ఇచ్చాం. అమ్మొద్దని, అటక మీద పడుకోబెట్టి ఉంచమని చెప్పాను. తర్వాతి సర్వీసుకి వచ్చినప్పుడు చూడాల్సినవి జాబ్ కార్డు మీద రాసి పెట్టుకున్నాం: వీల్ నట్లు టార్క్ రెంచితో మళ్ళీ సరిచూడాలి, లిప్ స్క్రూలు వదులయ్యాయేమో చూడాలి, వానాకాలం తర్వాత పీపీఎఫ్ అంచుల్లో మట్టి పట్టిందేమో తీసి కడగాలి.